పాత వెండి అంగుస్తానాను చదవడం ఎలా: ముద్రను చివరికి ఉంచండి

వెండి కొట్టుకు వెళితే మనకు మూడు మాటలు తప్పక వినిపిస్తాయి: తూకం, తరుగు, మజూరీ. తూకానిదే పెద్ద పీట, మజూరీ దగ్గరే బేరం. 18, 19 శతాబ్దాల్లో బ్రిటన్‌లో తయారైన కుట్టుపని వెండి సామాను దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. అంగుస్తానానే తీసుకోండి. దర్జీలు సూదిని నెట్టడానికి వేలికి తొడుక్కునే ఆ చిన్న టోపీ మామూలుగా నాలుగైదు గ్రాములు తూగుతుంది. కరిగిస్తే బొటాబొటిగా ఒక జత మెట్టెలు వస్తాయి. మీరు కొంటున్నదంతా మజూరీయే. కాబట్టి పనిని చదవడం రాకపోతే డబ్బు ఎందుకు ఇస్తున్నారో మీకే తెలియదు.

నాకూ మొదట్లో తెలియలేదు. నేను కొన్న మొదటి ఇంగ్లిష్ అంగుస్తానా మీద అసలైన వెండి అని చెప్పే సింహం గుర్తు లేదు. పైగా ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం దగ్గరకు తీసుకెళితే టక్కున అతుక్కుంది. వెండికి అయస్కాంతం అంటదని చిన్నప్పటి నుంచి విన్న మాట. మోసపోయానని తీర్మానించుకుని, అడిగిన వాళ్లకు అయిన కాడికి ఇచ్చేశాను. అది నూరేళ్లు దాటిన అసలైన డోర్కాస్ అని తెలిసేసరికి ఏడాది గడిచింది. ఆ కథ కింద వస్తుంది.

కొత్తవాళ్లందరూ భూతద్దం పట్టుకుని నేరుగా ముద్ర కోసం, అంటే హాల్‌మార్క్ కోసం వెతుకుతారు. నేను చెప్పే వరుసలో ముద్ర చివరిది. ముందు తయారీ, తరువాత అరుగుదల, ఆపైన లోహం, ఆ తరువాతే ముద్ర. కారణం ఒక పాత చట్టం. 1790 నాటి బ్రిటిష్ చట్టం 5 పెన్నీవెయిట్ల లోపు, అంటే సుమారు 7.8 గ్రాముల లోపు తూగే చిన్న వెండి వస్తువుల్లో చాలావాటిని ముద్ర వేయించే నిబంధన నుంచి తప్పించింది. మన లెక్కలో అది తులంలో మూడింట రెండు వంతులు. అంగుస్తానాలు, సూదుల డబ్బీలు, దారం చుట్టే చిన్న కండెలు దాదాపు అన్నీ ఆ హద్దు లోపలే ఉండేవి. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో తయారీదారులు తమంతట తామే ముద్రలు వేయించడం మొదలుపెట్టే దాకా, మంచి పనితనం ఉన్న అంగుస్తానాల్లో ఎక్కువ శాతం ముద్ర లేకుండానే బజారుకు వచ్చాయి. ముద్ర లేనిదల్లా నకిలీ అనుకునేవారు అన్నిటికన్నా పాతవాటినే వదిలేసుకుంటారు.

కావలసిన సామాను

పది రెట్లు పెద్దదిగా చూపే నగల భూతద్దం, 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు, ఒక గాజు గ్లాసు, సన్నని దారం, ఫోను టార్చి, చిన్న అయస్కాంతం. యాసిడ్ సీసా, ఆకురాయి, గీటురాయి మాత్రం బల్ల మీదికి రానివ్వకండి. కంసాలికి గీటురాయి మీద గీయడం చిటికెలో పని. కానీ అర మిల్లీమీటరు మందం కూడా లేని అంచు మీద ఆ గీత శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇంకొక షరతు: పరీక్ష పూర్తయ్యే వరకు వస్తువును తోమకండి. గుంటల్లో పేరుకున్న నలుపు కూడా సాక్ష్యమే.

మొదటి మెట్టు: ఎలా తయారైందో కనిపెట్టండి

అంగుస్తానాను నోటి దగ్గర పెట్టుకుని, అద్దం మీద ఊదినట్టు నెమ్మదిగా ఊదండి. ఆవిరి పట్టిన రెండు క్షణాల్లో కంటికి మామూలుగా కనబడని అతుకులు తేలుతాయి. వెండి, టంకం వేర్వేరు మిశ్రమాలు కాబట్టి వాటి మీద ఆవిరి ఒకేలా నిలవదు, ఒకేలా ఆరదు. ఎవరో పేరు చెరిపించి నున్నగా రుద్దించిన చోటు కూడా ఇలాగే బయటపడుతుంది. అక్కడ వేలితో తడిమితే లోహం కొద్దిగా పల్లంగా, పలుచగా తగులుతుంది.

పక్కన నిలువుగా ఒక అతుకు, నెత్తి చుట్టూ గుండ్రంగా మరో అతుకు కనబడితే అది రెండు ముక్కల పని. వెండి పట్టీని గొట్టంలా చుట్టి అతికి, మీద బిళ్ల మూతగా వేసేవారు. 17వ శతాబ్దంలోనూ, 18వ శతాబ్దంలో చాలాకాలమూ ఇదే పద్ధతి. ఎక్కడా అతుకు లేకపోతే అది ఒకే బిళ్ల నుంచి సాగదీసినది. గుండ్రని వెండి బిళ్లను అచ్చులో పెట్టి, ఒకదాని కంటే ఒకటి లోతైన అచ్చుల గుండా నొక్కుకుంటూ పోయేవారు. నొక్కిన కొద్దీ వెండి బిరుసెక్కి పగలబోతుంది. అందుకే మధ్య మధ్య కొలిమిలో ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. ఆకారం వచ్చాక తరిమెన (లేత్) పట్టి, అంచు మడిచి, చివరగా గుంటలు వేసేవారు.

గుంటల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి, అంగుస్తానా వయసు అక్కడే ఉంటుంది. సూది జారకుండా పట్టి ఉంచే ఈ గుంటలను తొలినాళ్లలో ఒక్కొక్కటిగా చేత్తో పొడిచేవారు. అంచు దగ్గర మొదలై పాము మెలికలా చుట్టుకుంటూ పైకి వెళ్లే వరుసలు, కాస్త ఇరుకుగా ఒకచోట, కాస్త ఎడంగా మరోచోట ఉంటే చేతి పని. ఆ తరువాత పళ్ల చక్రాన్ని తరిమెన మీద అదిమి, గుంటలు వరుసగా పడేలా చేశారు. అప్పటి నుంచి వరుసలు గీత గీసినట్టుంటాయి. అయితే యంత్రం వచ్చింది నిన్న మొన్న కాదు. జాన్ లాఫ్టింగ్ అనే డచ్చి వాడు ఇంగ్లండులో స్థిరపడి, ఇత్తడి అంగుస్తానాల తయారీ యంత్రానికి 1693లోనే పేటెంట్ పొందాడు. కాబట్టి గుంటలు సమంగా ఉన్నంత మాత్రాన కొత్తదని తోసిపుచ్చకండి.

పోత పోసిన నకళ్లను పట్టించేవి కూడా ఈ గుంటలే. అసలు గుంట అంచు భూతద్దం కింద పదునుగా, లోపలి గోడ నునుపుగా ఉంటుంది. పోతలో అంచులు కరిగిన బెల్లంలా గుండ్రబడతాయి, అడుగున ఇసుక చల్లినట్టు సన్నని చుక్కలు కనబడతాయి. ముద్రతో సహా పోత పోసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు ముద్ర అడుగునా అవే చుక్కలు.

రెండో మెట్టు: వెలుతురుకు పట్టి చూడండి

ఫోను టార్చి వెలిగించి అంగుస్తానాను దాని మీద బోర్లించండి, గది చీకటి చేయండి. ఏళ్ల తరబడి సూది నెట్టిన అంగుస్తానాలో నెత్తి మీద, ఒక పక్కన, చిన్న చిన్న వెలుగు చుక్కలు కనిపిస్తాయి. సూది వెనుక భాగం గుంటలోంచి పొడుచుకు వచ్చిన రంధ్రాలు అవి. చుక్కలన్నీ ఒకే పక్క గుమిగూడి ఉంటే నమ్మండి, ఎందుకంటే కుట్టే మనిషి ఎప్పుడూ ఒకే చోటుతో నెడుతుంది. అరుగుదల నలువైపులా సమంగా పరుచుకుని ఉంటే అనుమానించండి. ఇసుక కాగితంతో చేసిన ముసలితనం అలాగే ఉంటుంది.

రంధ్రాలు ధర తగ్గిస్తాయి, వయసు నిరూపిస్తాయి. ఏది ముఖ్యమో మీ ఇష్టం. నా మటుకు నాకు మూడు రంధ్రాలున్న 18వ శతాబ్దపు అంగుస్తానా ముందు, పెట్టెలోంచి బయటికే రాని 1920ల నాటిది వెలవెలబోతుంది.

ఇంగ్లండు పనివాళ్లు ఈ రంధ్రాల సమస్యకు రకరకాల మందులు వేశారు. నెత్తి మీద ఉక్కు బిళ్ల అతికించడం ఒకటి. జర్మనీ, స్కాండినేవియా దేశాల్లో ఎర్ర రాయో చంద్రకాంత శిలో పొదిగారు. అన్నిటికన్నా తెలివైన మందు యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ పట్టణానికి చెందిన నగల వ్యాపారి చార్లెస్ హార్నర్‌ది. రెండు వెండి పొరల మధ్య ఉక్కు పొర దాచి, 1884లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. బయట వెండి, లోపల వెండి, నడుమ సూదికి లొంగని ఉక్కు. డోర్కాస్ అంటే ఇదే. తెలుగు బైబిలు చదివినవారికి ఈ పేరు దొర్కాగా తెలుసు. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో, ఆమె కుట్టి ఇచ్చిన బట్టలను చూపిస్తూ విధవరాండ్రు ఏడుస్తారు. కుట్టుపని పనిముట్టుకు అంతకంటే తగిన పేరు దొరకదు.

పూర్తిగా వెండి కాదు కాబట్టి డోర్కాస్‌కు సింహం ముద్ర పడదు. అంచు మీద ఆ పేరో, పేటెంట్ అనే మాటకు పొట్టి రూపమో, ఒక సైజు అంకెతో కలిసి ఉంటుంది. అయస్కాంతానికి అతుక్కుంటుంది. అతుక్కోవాలి కూడా.

మూడో మెట్టు: లోహాన్ని నీళ్లతో అడగండి

అయస్కాంతం ఉక్కును పట్టిస్తుంది, అంతే. జర్మన్ సిల్వర్‌ను అది పట్టించలేదు. పేరులో వెండి ఉన్నా, రాగి, నికెల్, జింకుల ఈ మిశ్రమంలో వెండి చుక్క కూడా ఉండదు. తేడా తేల్చేది సాంద్రత. దీనికి ఖర్చు లేదు, వస్తువుకు హానీ లేదు.

ముందు అంగుస్తానాను పొడిగా తూచి బరువు రాసుకోండి. గ్లాసులో సగం నీళ్లు పోసి, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేసి, త్రాసు మీద పెట్టి సున్నాకు తెచ్చుకోండి. అంగుస్తానాను దారానికి కట్టి, మూతి పైకి ఉండేలా నీళ్లలో పూర్తిగా ముంచి, అడుగు తగలకుండా, గోడ తగలకుండా చేతితో పట్టుకోండి. ఇప్పుడు త్రాసు చూపే అంకె గ్రాముల్లో ఉన్నా, అది ఆ వస్తువు ఘనపరిమాణం. పొడి బరువును దానితో భాగించండి. ఉదాహరణకు 4.66 గ్రాములను 0.45తో భాగిస్తే 10.36 వస్తుంది. నూటికి 92.5 పాళ్లు వెండి ఉన్న స్టెర్లింగ్ సాంద్రత దాదాపు అంతే. జర్మన్ సిల్వర్, ఇత్తడి రెండూ 8.4 నుంచి 8.8 మధ్య ఆగిపోతాయి. ఉక్కు 7.8 దగ్గర ఉంటుంది కాబట్టి డోర్కాస్ వెండికీ ఉక్కుకూ మధ్య తేలుతుంది.

ఇంత చిన్న వస్తువులో 0.01 గ్రాము తేడాకే ఫలితం రెండు శాతం మారుతుంది. కనుక మూడుసార్లు చేసి సగటు తీయండి. 10.1కీ 10.6కీ మధ్య వస్తే సంతృప్తి పడండి. అంకె మరీ తక్కువ వస్తే కంగారు పడేముందు లోపల గాలి బుడగ నిలిచిందేమో చూడండి. సబ్బు చుక్క వేయమన్నది అందుకే. లోపల పొట్టు నింపిన పిన్నుల మెత్తలు, పిడిలో లక్క పోసిన కత్తెరలు, కొలత టేపు డబ్బాలు మాత్రం నీళ్ల దరిదాపులకు వెళ్లకూడదు.

నాలుగో మెట్టు: ఇప్పుడు ముద్ర

ఇంగ్లండు హాల్‌మార్క్‌లో సాధారణంగా నాలుగు గుర్తులు. నడుస్తున్న సింహం స్టెర్లింగ్‌కు. ఊరి గుర్తు పరీక్ష ఎక్కడ జరిగిందో చెబుతుంది: చిరుత తల లండన్, లంగరు బర్మింగ్‌హామ్, కిరీటం షెఫీల్డ్, మూడు గోధుమ పనలు కత్తితో ఉంటే చెస్టర్. ఒక అక్షరం సంవత్సరానికి. రెండు పొడి అక్షరాలు తయారీదారుకు. 1784 నుంచి 1890 వరకు సుంకం కట్టినట్టు రాజు లేదా రాణి తల కూడా కొట్టేవారు. ఆ తల ఉంటే వస్తువు 1890 దాటదు. చెస్టర్ పరీక్షా కేంద్రం 1962లో మూతపడింది.

సంవత్సరపు అక్షరం దగ్గర తొందరపడి బోల్తా పడేవాళ్లు ఎక్కువ. ప్రతి ఊరికీ తన వరుస ఉండేది. బర్మింగ్‌హామ్‌లో ‘ఎ’ 1875లోనూ, 1900లోనూ, 1925లోనూ వచ్చింది. అక్షరం ఒక్కటే చూస్తే పాతికేళ్లు అటూ ఇటూ అవుతుంది. అక్షరపు రాత తీరునూ, దాని చుట్టూ ఉన్న డాలు ఆకారాన్నీ కలిపి చదవాలి. పైగా ఆ రోజుల్లో అక్షరం మారుతూ వచ్చింది జనవరిలో కాదు, ఏడాది మధ్యలో. అందుకే జాగ్రత్తపరులు 1900-01 అని రాస్తారు.

హార్నర్ కంపెనీ పూర్తి వెండితో చేసిన అంగుస్తానాలు చెస్టర్‌లో ముద్ర పొందేవి. బర్మింగ్‌హామ్‌లో 1773లో పరీక్షా కేంద్రం తెరిచాక చిన్న వెండి సామానుకు ఆ ఊరు రాజధాని అయింది. అక్కడి శామ్యూల్ పెంబర్టన్, జోసెఫ్ టేలర్ వంటి వారి పొడి అక్షరాలు 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో చేసిన చిన్న డబ్బీల మీద కనబడతాయి. సింహం లేకుండా అడవి పంది తల ఉంటే 1838 తరువాత పారిస్‌లో ముద్ర పడిన చిన్న వెండి వస్తువు. నెలవంక, కిరీటం పక్కన 800 ఉంటే 1888 తరువాతి జర్మనీ, అంటే వెయ్యికి 800 పాళ్లు.

సుత్తి దెబ్బతో పడిన ముద్ర వెనుక, అంచు లోపలి వైపు, చాలాసార్లు చిన్న ఉబ్బు మిగులుతుంది. గోరుతో తడిమి చూడండి.

అంగుస్తానా దాటి

పాత కుట్టుపని పెట్టెలో చూడగానే మన వాళ్లు గుర్తుపట్టేది టాంబూర్ సూది. మగ్గం వర్క్ చేసేవారి చేతిలోని ఆరీ సూదికి ఇది అక్కో చెల్లెలో. బిగించిన బట్ట మీద కొక్కెం సూదితో గొలుసు కుట్టు వేసే ఈ విద్య తూర్పు దేశాల నుంచి 18వ శతాబ్దం మధ్యలో ఐరోపాకు చేరి, అక్కడి సంపన్న స్త్రీల కాలక్షేపమైంది. మన కార్ఖానాలో కర్ర పిడి, అక్కడి దివాణంలో దంతపుదో వెండిదో పిడి. సూదిని బిగించే చిన్న మర విప్పి చూడండి. చేత్తో కోసిన పాత మర చుట్లు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. పిడి బోలుగా ఉంటే తలకిందులు చేసి తట్టండి, అదనపు సూదులు అందులోనే దాచుకునేవారు.

టేపు డబ్బాలో చూడవలసింది డబ్బాను కాదు, టేపును. 19వ శతాబ్దం తొలి భాగపు పట్టు పట్టీల మీద అంగుళాలకు బదులు ‘నెయిల్’ అనే కొలత గుర్తులు ఉంటాయి. ఒక నెయిల్ రెండుంపావు అంగుళాలు, గజంలో 16వ వంతు. హిందుస్తానీ బట్టల వ్యాపారంలోని గిరా కూడా గజంలో 16వ వంతే. పాత డబ్బాలో కొత్త అంగుళాల పట్టీ ఉంటే ఎవరో మార్చారని అర్థం, ధర ఆ మేరకు దిగాలి.

తీగ పని డబ్బీలకు మన దగ్గరి నుంచే ఒక కొలబద్ద ఉంది. కరీంనగర్ ఫిలిగ్రీని దగ్గరగా చూసినవారికి తెలుసు: రెండు సన్నని తీగలను మెలితిప్పి, చదును చేసి, చట్రంలో ఇమిడ్చి, పొడి టంకంతో ఒక్కసారిగా అతుకుతారు. 1800 ప్రాంతపు ఇంగ్లిష్ తీగ పని అంగుస్తానాలను, సూదుల డబ్బీలను ఆ కంటితోనే చూడండి. తీగ చివర్లు విడిగా తెలియాలి, మెలిక పళ్లు కనబడాలి. తీగ, చట్రం ఒకదానిలో ఒకటి కరిగిపోయినట్టుంటే అది పోత. వీటి మీద ముద్ర ఆశించకండి, కొట్టడానికి చోటే ఉండదు.

పందులు, ఏనుగులు, కోడిపిల్లల ఆకారంలో ఉన్న పిన్నుల మెత్తలు 1900 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా బర్మింగ్‌హామ్‌ను ఏలాయి. యాడీ అండ్ లవ్‌కిన్, క్రిస్ఫర్డ్ అండ్ నోరిస్ వంటి సంస్థలు వీటికి పేరుపడ్డాయి. వెండి రేకు కాగితంలా పలుచన, లోపల రంపపు పొట్టు. అందుకే చెవులు, కాళ్లు, తోకలు ముందు చిరుగుతాయి. ఏ చిరుగూ లేకుండా చేతిలో బరువుగా కూర్చునే ఏనుగు పిల్లను చూస్తే ముచ్చటపడక్కర్లేదు, భయపడండి. పాత రేకుపని అంత తూగదు.

నడుముకు తగిలించుకునే షాటిలేన్ గురించి ఒక్క మాట. మన అత్తగార్ల నడుమున తాళంచెవుల గుత్తి ఎలాగో, విక్టోరియా కాలపు ఇల్లాలికి ఇది అలాగ. గొలుసులకు కత్తెర, అంగుస్తానా డబ్బీ, సూదుల పుస్తకం వేలాడతాయి. ఎక్కువ భాగం తరువాతి వ్యాపారులు జత చేసినవే. ప్రతి ముక్క మీదా సంవత్సరం వేరుగా చదవండి. కొక్కెం ఎంత అరిగిందో దానిలో తగిలించిన రింగూ అంతే అరగాలి.

శుభ్రం చేయడం, బాగుచేయించడం

విభూతితో తోమడం, చింతపండు పులిమి వదిలేయడం, టూత్‌పేస్టు: ఈ మూడూ పూజ సామానుకు అలవాటైన పనులు. చెంబు ఏటా కొంత అరిగినా ఎవరికీ తెలియదు. అంగుస్తానా అంచు మీది ముద్ర లోతు మాత్రం వెంట్రుక మందం. పదిసార్లు తోమితే సింహం పిల్లి అవుతుంది. గోరువెచ్చని నీళ్లు, సబ్బు చుక్క, మెత్తటి బ్రష్, వెంటనే నూలు గుడ్డతో తుడుపు. నలుపు మరీ ఎక్కువైతే నాజూకైన సుద్ద పొడిని నీళ్లలో కలిపి, ఎత్తుగా ఉన్న భాగాలను మాత్రమే దూదితో తుడవండి. గుంటల్లో నలుపు ఉండనివ్వండి, నగిషీని కంటికి చూపించేది అదే. వంటసోడా, అల్యూమినియం రేకు చిట్కా ఆ నలుపును కూడా ఊడ్చేసి వస్తువును నిన్న చేసినట్టు మారుస్తుంది.

నలుపు పట్టేది గాలిలోని గంధకపు వాయువుల వల్ల. కాబట్టి రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ పక్కన పెట్టకండి. రబ్బరు బ్యాండు చుట్టిన చోట నల్లని గీత లోహంలోకి దిగుతుంది. ఆమ్లం లేని పలుచని కాగితంలో చుట్టి, సముద్రపు గాలి తగిలే ఊళ్లలోనైతే సిలికా జెల్ పొట్లం తోడు పెట్టండి.

సొట్ట తీయడానికి కర్రతో పొడవకండి. పాత వెండి బిరుసెక్కి ఉంటుంది, సొట్ట పోయి చీలిక వస్తుంది. అతుకు దగ్గర బూడిదరంగు ముద్ద కనబడితే ఎవరో సీసం టంకం వేశారు. ఆ సంగతి కంసాలికి ముందే చెప్పాలి. ఆ టంకం తీయకుండా ఎర్రగా కాల్చితే సీసం వెండిని తినేసి గుంటలు పెడుతుంది.

కొనే ముందు చట్టం

దంతపు పిడి ఉన్న టాంబూర్ సూది, దంతపు కండె విదేశాల నుంచి తెప్పించుకోవాలనుకుంటే ఆగండి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏనుగు దంతపు వ్యాపారాన్ని నిషేధించింది. బ్రిటన్ కూడా 2018 నాటి దంతపు చట్టాన్ని 2022 జూన్ నుంచి అమలు చేస్తోంది. అలాగే మీ ఇంట్లోనే నూరేళ్లు దాటిన కళాత్మకమైన పనిముట్టు దొరికి, అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపాలనిపిస్తే, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అలాంటివాటిని వ్యక్తులు దేశం దాటించడం నేరం కావచ్చు. పురావస్తు శాఖ వారిని అడిగి, పురావస్తువు కాదన్న పత్రం తీసుకున్నాకే కదలాలి.

వాడవచ్చా?

రెండు ముక్కల పాతవాటిని వాడవద్దు, అతుకు విడిపోతుంది. డోర్కాస్‌ను నిక్షేపంలా వాడవచ్చు, దాన్ని చేసిందే అందుకు. నడిమి వేలికి తొడిగి చేయి కిందికి విదిలిస్తే జారకూడదు, తీస్తే వేలి మీద ఎర్రని గీత మిగలకూడదు, అదే మీ సైజు. చీరకు ఫాల్ కుట్టేటప్పుడు నేను తొడుక్కునేది, ఆ తరువాత వెతికి కొన్న రెండో డోర్కాస్‌ను. పిన్నుల కోసం పెట్టుకున్న అయస్కాంతపు గిన్నె పక్కన వదిలితే పోయి దానికి అతుక్కుని కూర్చుంటుంది. మంచం కింద వెతుక్కునే పని తప్పింది.